ఆ గొంతు నాదే

ఆడెపు సులోచన సిరిసిల్లలో సాంచెల చప్పుడు మధ్య పుట్టి పెరిగింది. మరమగ్గాలను ఆ ఊళ్లో సాంచెలంటారు. ఇరవై సాంచెలు ఒక్కసారిగా ఆడే షెడ్డు పక్కన ఇల్లున్నవాళ్లు ఒకరికొకరు ఏదైనా చెప్పుకోవాలంటే గట్టిగా అరవాలి, లేకపోతే ఒక్కో అక్షరాన్నీ విడిగా, తేటగా పలకాలి. తల్లి మొగిలవ్వ బీడీలు చుడుతూ అరిచేది. సులోచనకు అరవడం చేతకాలేదు. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల మామూలు గొంతుతో మాట్లాడినా సాంచెల అవతలున్న మనిషికి వినబడేది.

ఇంటర్ అయ్యాక, 1988లో, రేడియోకు మనుషులు కావాలని పేపర్లో చూసి పరీక్షకు పోయింది. నలభై మంది వచ్చారు. చేతికిచ్చిన వార్తల కాగితాన్ని ఒక్క తప్పు లేకుండా, అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా చదివింది. అద్దం వెనక కూర్చున్న అధికారి మెచ్చుకుని, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. చెప్పింది. "అలాగా! అయితే మీ భాషలో ఏదైనా మాట్లాడు చూద్దాం" అన్నాడు. ఆమె వాళ్లమ్మ మాట్లాడినట్టు నాలుగు మాటలు మాట్లాడింది. అద్దం వెనక అందరూ నవ్వారు.

ఆ నవ్వుతోనే ఆమె ఉద్యోగం తేలిపోయింది. వ్యవసాయ కార్యక్రమంలో పోశవ్వ అనే ముసలమ్మ వేషం ఇచ్చారు. అప్పుడామెకు ఇరవై రెండేళ్లు. పోశవ్వకు ఏమీ తెలియదు. ప్రతిరోజూ అమాయకంగా ఏదో అడుగుతుంది. చదువుకున్న ఆఫీసరు గొంతు పుస్తకం భాషలో జవాబు చెబుతుంది. పోశవ్వ "గట్లనా సారూ!" అని ఆశ్చర్యపోయి, ఆయన చెప్పిందాన్ని రైతులకు తన భాషలో మళ్లీ చెబుతుంది. తొమ్మిదేళ్లు సులోచన ఆశ్చర్యపోతూనే ఉంది. వార్తలు చదువుతానని ఎన్నిసార్లు అడిగినా ఆ అధికారిది ఒకటే జవాబు.

"చూడమ్మా సులోచనా, నీ గొంతు మంచిదే. కాదనను. కానీ వార్తలంటే ఒక ప్రమాణం ఉంటుంది కదా."

తప్పు లేకుండా చదివిన మనిషికి ప్రమాణం ఏమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఊరి పేరు విన్నాక ఆయనకు ఆ గొంతులో వార్త వినబడటం మానేసింది, అంతే.

1997లో పత్తి చేలను పురుగు తిన్నది. ఎల్లారెడ్డిపేట దగ్గరి ఒక రైతు రేడియోకు ఉత్తరం రాశాడు. పోశవ్వ చెప్పిన మందే తెచ్చి, చెప్పినట్టే మూడుసార్లు కొట్టాడట. పురుగు చావలేదు. చేను పోయింది. చివరన ఇలా ఉంది: "పోశవ్వా, నీకు చేను లేదా? ఉంటే గిట్ల చెప్పకపోదువు."

సులోచన ఆ ఉత్తరం పట్టుకుని అధికారి గదికి పోయింది. ఆయన చదివి, మడిచి, ఉత్తరాల కట్టలో పెట్టాడు.

"సార్, గీనకు జవాబు చెప్పాలె గదా. మనం చెప్పిన మందే గది."

"మనం ఎక్కడ చెప్పాం? శాస్త్రవేత్తలు చెప్పారు. నువ్వు చదివావు."

బుధవారం కార్యక్రమం రికార్డింగు కాదు, నేరుగా ప్రసారమయ్యేది. ఆ బుధవారం పోశవ్వ "గట్లనా సారూ" అనాల్సిన చోట ఆగింది. కట్టలోంచి తీసుకొచ్చిన ఉత్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివింది. పక్కన ఆఫీసరు వేషం వేసినతను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు. మరుసటి నెల ఆమెకు పిలుపు రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. ఆమె ఎప్పుడూ నెలనెలా పిలిస్తే పోయే మనిషే. తీసేయడానికైతే ఒక కాగితం కావాలి, పిలవకపోవడానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

రెండేళ్లు తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టింది. పెళ్లి అప్పటికే తెగిపోయింది. ఎందుకు తెగిందో ఆమె ఎవరికీ చెప్పదు, నేనూ చెప్పను. ఆ రెండేళ్లలో సిరిసిల్లలో షెడ్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. పక్క వీధిలో సాంచెలు నడిపే మనిషి ఉరి పెట్టుకుంటే, పేపరువాళ్లు వచ్చి ఫొటో తీసుకుని, కుటుంబ కలహాలని రాశారు. ఆ ఇంట్లో కలహం ఎవరూ వినలేదని వీధి వీధంతా చెప్పింది. ఎవరూ రాసుకోలేదు. మిగిలిన మగవాళ్లు బొంబాయికో భీవండికో పోయారు, కొందరు దుబాయికి, మస్కటుకు.

1999లో కోరుట్ల నుంచి జలపతి అనే ఆయన వెతుక్కుంటూ వచ్చాడు. ఊళ్లో కేబుల్ నడుపుతున్నాడు. సాయంత్రం అరగంట లోకల్ వార్తలు పెడదామని ఆయన ఆలోచన.

"చెల్లే, రేడియోల పోశవ్వ నువ్వేనట గదా. మా అమ్మ నీ గొంతు ఇనంది అన్నం తినకపోయేది. వార్తలు చదువుతవా?"

"ఏ భాషల చదవాలె?"

"మన భాషలనే చదువు. మనోళ్లే గదా ఇనేది."

సులోచన ఆ మాటకే ఒప్పుకుంది. కోరుట్లలో ఒక గది అద్దెకు తీసుకుంది. జీవితంలో మొదటిసారి వార్తల్లో "వచ్చిండు" అంది, "పోయింది" అంది, "కలెక్టరు సారు గిట్ల చెప్పిండు" అంది. ఎవరూ నవ్వలేదు. జనం టీవీ ముందు కూర్చుని విన్నారు. వార్తల క్యాసెట్టు నకళ్లు జగిత్యాలకు ఒకటి, సిరిసిల్లకు ఒకటి బస్సుల్లో పంపేవాళ్లు. అక్కడి కేబులువాళ్లు మర్నాడు వేసేవాళ్లు. దాంతో మూడు ఊళ్లలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆమె ముఖం తెలిసిపోయింది. బస్సెక్కితే సీటిచ్చేవాళ్లు.

ఆమె సొంతంగా ఇంకో పని మొదలుపెట్టింది. గల్ఫుకు పోయిన మగవాళ్ల ఇళ్లకు టేపురికార్డరు పట్టుకుని పోయేది. తల్లులు, భార్యలు చెప్పే మాటలు రికార్డు చేసి, పోయేవాళ్ల చేతికిచ్చి పంపేది. అటునుంచి కూడా క్యాసెట్లు వచ్చేవి. వాళ్లు ఒప్పుకున్న ముచ్చట్లు కొన్ని ఆదివారం టీవీలో వినిపించేది. ఎవరి బర్రె ఈనింది, ఎవరి పిల్ల పదో తరగతి పాసైంది, క్యాంపులో వంట ఎవరు చేస్తున్నారు, ఇవే ముచ్చట్లు. ఏ పెద్ద ఛానలూ ఇలాంటివి వార్తలనుకోలేదు.

అప్పుడే ముత్యం వచ్చాడు. జగిత్యాలలో బస్టాండుకు దగ్గర్లో ముత్యం ట్రావెల్స్ అని ఆఫీసు తెరిచాడు. గల్ఫుకు మనుషుల్ని పంపే ఏజెంటు. జలపతి కేబుల్లోనూ, క్యాసెట్టు పోయే ఊళ్లలోనూ రోజుకు ఆరుసార్లు ప్రకటన కావాలన్నాడు. గొంతు సులోచనదే కావాలన్నాడు. ఆయన రాసిచ్చిన మాటలు చప్పగా ఉన్నాయి. సులోచనకు చప్పటి మాట నోట పెట్టుకోవడం ఇష్టం లేదు, కూర్చుని తనే దిద్దింది. "ముత్యం మాట, ముత్యమంత నిజం. మన ఇంటోళ్లను మనమే పంపుకున్నట్టు." ఈ రెండో వాక్యం పూర్తిగా ఆమెదే. ముత్యం విని చప్పట్లు కొట్టాడు.

ఆ మనిషి ఎలాంటివాడని ఆమె అడగలేదు. అడిగే అలవాటున్న మనిషే. కానీ ఒకసారి అడిగినందుకు రెండేళ్లు బీడీలు చుట్టింది. ప్రకటనంటే ప్రకటనే, వార్త కాదు కదా అనుకుంది.

2003 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కిష్టవ్వ అనే ఆమె కోరుట్ల ఆఫీసుకొచ్చింది. ఎల్లారెడ్డిపేట మండలంలోని పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. భర్త మల్లన్న గౌడు, కల్లు గీసేవాడు. వరసగా కరువొచ్చి ఈదులు ఎండిపోతే మస్కటుకు పోయాడు. ఆమె కొంగులో ఒక క్యాసెట్టు మూటగట్టి ఉంది.

"సులోచనక్క ఎవలు?" అని గుమ్మంలోనే అడిగింది.

"నేనే అక్కా. కూసో. నీళ్లు తాగుతవా?"

"నీళ్లు తాగ అచ్చిన్నా? గిది ఎయ్యి. ఇను."

క్యాసెట్టు వేశారు. మల్లన్న గొంతు సన్నగా, దగ్గుతూ వినబడింది. హోటల్లో పనన్నారు, హోటల్ లేదు. వచ్చింది పనిచేసే వీసా మీద కాదు, చూసిపోయే వీసా మీద. అది నెలకే తీరిపోయింది. మస్కటు విమానాశ్రయంలో కలిసిన ముత్యం మనిషి పాస్‌పోర్టు తీసుకుని మళ్లీ కనబడలేదు. ఇప్పుడు తను ఖల్లివెల్లి. కాగితాలు లేకుండా దాక్కుని బతికేవాళ్లను అక్కడ అలా అంటారట. ఒక గదిలో పద్నాలుగు మంది ఉన్నారు, అందరూ ముత్యం పంపినవాళ్లే, ఒక్కొక్కరి పేరూ ఊరూ చెప్పాడు. మిషనులో చేయి పడి రెండు వేళ్లు పోయాయి, దవాఖానకు పోతే పట్టుకుంటారని పోలేదు. క్యాసెట్టు చివరన మల్లన్న అన్నాడు: "కిష్టీ, మనూరోళ్లను ఎవలను రానియ్యకు. నేను ముత్యంను జూసి రాలే. సులోచనక్క టీవీల చెప్పిందని అచ్చిన."

టేపు ఆగింది. కిష్టవ్వ లేచి నిలబడింది.

"ఇన్నవా? మన ఇంటోళ్లను పంపుకున్నట్టు అన్నవు గదా. నీ ఇంట్ల నుంచి ఎవలను పంపినవు చెప్పు! ఎవలను పంపినవు?"

పత్తి రైతు ఉత్తరమప్పుడు సులోచనకు కోపమొచ్చింది. ఇప్పుడు కోపం చూపించడానికి ఎదురుగా అధికారి లేడు. రాసింది తను, చదివింది తను.

మర్నాడే జగిత్యాల పోయి ముత్యం ఎదుట కూర్చుంది. ఆయన కూల్‌డ్రింకు తెప్పించాడు.

"పద్నాలుగు మందిని విజిట్ వీసా మీద పంపినవట?"

"సులోచనమ్మా, దుబాయంటే అత్తగారిల్లా? కొందరికి కలిసొస్తది, కొందరికి రాదు. పని దొంగలు గిట్లనే అంటరు."

"వేళ్లు తెగినోడు పని దొంగనా? మనుషులను పంపేటందుకు నీకు గవుర్నమెంటు లైసెన్సు ఉన్నదా? ఏదీ, చూపెట్టు."

ముత్యం నవ్వాడు. "మూడేండ్ల నుంచి నా పేరు చదువుతున్నవు. గిప్పుడు అడుగుతున్నవా?"

ఆమె లేచి వచ్చేసింది. ఆ నవ్వు కన్నా ఆ ప్రశ్న ఎక్కువ మండించింది, ఎందుకంటే ఆ దుర్మార్గుడు అడిగింది న్యాయమైన ప్రశ్న.

కోరుట్లకు తిరిగొచ్చి జలపతితో చెప్పింది. "అన్నా, ఇయ్యాల్నే గా అడ్వర్టైజు బంద్ పెట్టు. మల్లన్న క్యాసెట్టు వార్తలల్ల ఏస్త."

జలపతి చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. "చెల్లే, కేబులు నడిచేదే గాయన మీద. ఒక నెల ఆగు."

"నెలల ఇంకెంతమంది పోతరు?"

"పోయేటోళ్లు ఎట్లన్న పోతరు. మనం ఆపుతమా?"

"మనం పంపినం గదా! పంపుడు మన చేతుల ఉన్నది, ఆపుడు లేదా?"

ఆ సాయంత్రం ఆమె వార్తలు చదవకుండా సిరిసిల్ల బస్సెక్కింది.

ఉద్యోగం వదిలేస్తే అయిపోతుందనుకుంది. నాలుగో రోజు సిరిసిల్లలో ఛాయ్ హోటల్ ముందు నుంచి పోతుంటే లోపలి టీవీలో తన గొంతే వినబడింది. "ముత్యం మాట, ముత్యమంత నిజం." కూరగాయల సంచి పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయింది. మనిషి మానేసినా క్యాసెట్టు మానలేదు. రోజుకు ఆరుసార్లు, ఆమెను అడగకుండా, ఆమె గొంతు పల్లె పల్లెకూ పోయి మగవాళ్లను పిలుస్తూనే ఉంది. జలపతికి ఫోను చేస్తే ఎత్తలేదు. ఉత్తరం రాస్తే జవాబు లేదు. జగిత్యాలలో ఒక వకీలును అడిగితే, "గొంతు మీదే కానీ టేపు వాళ్లది కదమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట తల్లికి చెప్పింది. మొగిలవ్వ బీడీల చేట పక్కన పెట్టి బిడ్డ ముఖంలోకి చూసింది.

"టేపు వాళ్లదైతే మైకు ఎవలిదే? సినిమాకు, జాతరకు ఆటోకు కట్టుకొని తిరుగుతరు గదా. నీకు నోరు లేదా?"

ఆనందం అనే ఆటో డ్రైవరు ఒకప్పుడు వాళ్ల వీధిలోనే సాంచెలు నడిపినవాడు. వినగానే సరేనన్నాడు. ఆటో మీద రెండు గోధుమరంగు మైకులు కట్టారు. సులోచన వెనక సీట్లో కూర్చుంది. అలా, స్టేషన్ లేని ఆ మనిషి మళ్లీ ప్రసారం మొదలుపెట్టింది.

"నేను ఆడెపు సులోచనను. టీవీల మీరు ఇంటున్న గొంతు నాదే. నేను తప్పు చేసిన. ముత్యం ట్రావెల్స్‌కు లైసెన్సు లేదు. పద్నాలుగు మంది మస్కటుల దాక్కొని బతుకుతున్నరు. వాళ్ల పేర్లు చదువుత, ఇనుండ్రి." పేర్లు చదివేది, ఊర్లతో సహా. ప్రతి ఊళ్లోనూ కొత్త పేరొకటి కలిసేది. "మా ఆయన పేరు గూడ చదువు" అని ఎవరో ఒకామె ఆటోకు అడ్డమొచ్చేది. ఎల్లారెడ్డిపేట మండలం తిరిగేసరికి పద్నాలుగు పేర్లు ఇరవై తొమ్మిదయ్యాయి. కిష్టవ్వ మూడో రోజు నుంచి ఆటోలో పక్కన కూర్చుంది. సులోచనను క్షమించానని ఆమె అనలేదు. "నీకు ఊర్లు తెల్వయి, నేను చూపెడుత" అంది.

కొందరు తిట్టారు. ఒక పల్లెలో రుక్కమ్మ అనే ముసలామె ఆటో ఆపి, సులోచన చెంప మీద కొట్టింది. ఆమె కొడుకు ఎక్కడున్నాడో ఏడాదిగా తెలియదు. కొట్టాక అక్కడే మట్టిలో కూలబడి, కొడుకు పేరు చెప్పింది. సులోచన ఆ పేరు మైకులో చదివింది.

పది రోజులకు పోలీసు స్టేషన్ నుంచి పిలుపొచ్చింది. ముత్యం పరువునష్టమని ఫిర్యాదు చేశాడు. ఎస్సై కుర్చీ కూడా చూపించలేదు.

"ఏమ్మా, మైకుకు పర్మిషన్ ఉన్నదా?"

"లేదు సార్. ముత్యంకు మనుషులను పంపేటందుకు పర్మిషన్ ఉన్నదా?"

"గదంతా నీకెందుకు? నువ్వేమన్న సర్కారువా?"

"సర్కారు అడిగితే నేను ఎందుకు తిరుగుదును సార్? ఇరవై తొమ్మిది ఇండ్లు కూలితే మీ కాడికి ఒక్క కాగితం రాలే. ఒక మైకు మోగితే మాత్రం కాగితం అచ్చింది."

మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టి, మైకులు జప్తు చేసి పంపించారు. మైకులు పోయాయి గానీ అప్పటికి పేర్లు ఊళ్లలో పడ్డాయి. మర్నాడు కిష్టవ్వ పదకొండు మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని జగిత్యాల వచ్చింది. ముత్యం ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. రెండో రోజుకు నలభై మందయ్యారు. ధర్మపురి వైపు నుంచీ, కోరుట్ల పల్లెల నుంచీ వచ్చారు. సద్దులు కట్టుకుని వచ్చి, అక్కడే తిని, అక్కడే కూర్చున్నారు. ముత్యం రాలేదు. మూడో రోజు ఎమ్మార్వో వచ్చి, వాళ్ల ముందే షట్టరు తీయించాడు. బీరువాలో పాస్‌పోర్టులు ఒక గోనెసంచిలో కట్టి ఉన్నాయి. మస్కటులో ముత్యం మనిషి తీసుకుపోయినవి, ఇక్కడ జగిత్యాలలో! కిష్టవ్వ ఒక్కొక్కటి తెరిచి ఫొటోలు చూస్తూ పోయింది. మల్లన్నది దొరికినప్పుడు ఏడవలేదు. దాన్ని రవికలో పెట్టుకుని, "ఇగ రాయుండ్రి కేసు" అంది.

కేసు రాయక తప్పలేదు. ఆ మూడు రోజుల్లో ఒక్క ఛానలూ అటు చూడలేదు. జలపతి కేబుల్లో ఆ సాయంత్రం బట్టల దుకాణం ప్రారంభోత్సవం చూపించారు.

అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించాక, ఏడాదికి పైగా పట్టి, మగవాళ్లు తిరిగొచ్చారు. ఇరవై తొమ్మిది మందిలో ఇరవై ఏడుగురు. ఒకతను అక్కడి జైల్లో ఉండిపోయాడు. రుక్కమ్మ కొడుకు పెట్టెలో వచ్చాడు. గుండెపోటని కాగితంలో ఉంది. అతనికి ఇరవై నాలుగేళ్లు.

మల్లన్న తిరిగి రాగానే సులోచనను చూడటానికి సిరిసిల్లకు పోయాడు. "నీ గొంతు మంచిగుంటదక్కా" అన్నాడు. "గదే నా కొంప ముంచింది." కోపంగా అనలేదు. అది ఆమెకు ఇంకా కష్టమైంది.

ఆ తర్వాత 2006లో హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఛానల్ పిలిచింది. మన భాషలో వార్తలన్నారు. సంతోషంగా పోయింది. తీరా పోయాక నెత్తిన సవరం కొప్పు, ముక్కుకు పెద్ద పుల్ల, మోచేతి దాకా గాజులు వేశారు. ప్రతి వార్త చివరా ఒక నవ్వు రావాలన్నారు. ఏడు నెలలు ఓర్చుకుంది, తల్లికి మందులు కావాలి గనుక. ఒకరోజు గల్ఫు నుంచి వచ్చిన శవపేటికల వార్త ఇచ్చారు. "అమ్మా, కొంచెం మీ స్లాంగులో, ఒక పంచ్ పెట్టి చదవండి" అన్నాడు ప్రొడ్యూసరు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది. కొప్పు పీకి దాని మీద పెట్టింది.

"మీ ఇంట్ల పీనుగ లేస్తే పంచ్ పెట్టి ఏడుస్తరా?" అని అడిగి లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేసింది.

జగిత్యాల కోర్టులో కేసు విచారణకు రావడానికి ఆరేళ్లు పట్టింది. వాయిదా వాయిదాకూ ఆడవాళ్లు కూలి మానుకుని వచ్చేవాళ్లు. ముత్యం కారులో వచ్చేవాడు. సులోచన సాక్ష్యం రోజు ముత్యం వకీలు ఒక టేపురికార్డరు తెచ్చాడు. ప్రకటన వినిపించాడు.

"ఈ గొంతు ఎవరిది?"

"నాదే."

"ఈ మాటలు ఎవరు రాశారు?"

ముత్యం ఇచ్చిన కాగితమని చెప్పి తప్పించుకోవచ్చు. కిష్టవ్వ, మల్లన్న బెంచీ మీద కూర్చుని చూస్తున్నారు.

"మొదటి మాట గాయన రాసిచ్చింది, నేను దిద్దిన. మన ఇంటోళ్లను మనమే పంపుకున్నట్టు అన్నది నేనే రాసిన."

వకీలు జడ్జి వైపు తిరిగాడు. "చూశారా, జనాన్ని నమ్మించింది ఈవిడ. మరి మోసం చేసింది నా క్లయింటు ఎలా అవుతాడు?"

"రాసుకోండ్రి సార్" అంది సులోచన, జడ్జితో. గొంతు పెంచలేదు, కానీ వరండాలో ఉన్నవాళ్లకు కూడా వినబడింది. "నమ్మించింది నేనే. నా పేరు గూడ రాయుండ్రి, నేను తప్పించుకపోను. గానీ పాస్‌పోర్టులు గోనెసంచిల కట్టి బీరువాల దాచింది నా గొంతు కాదు. గది చేతులు చేసిన పని. గా చేతులు ఎవలివో అడుగుండ్రి."

జడ్జి రాసుకున్నాడు.

ముత్యానికి మూడేళ్ల శిక్ష పడింది. ఆ రోజే బెయిలు దొరికింది. పై కోర్టుకు పోయాడు, అక్కడ కేసు పడుకుంది. ఇదంతా అయ్యాక కూడా అదే షట్టరు వెనక, వాళ్ల బావమరిది పేరుతో, కొత్త బోర్డు లేచింది. ఇరవై తొమ్మిది ఇళ్లకు ఈ రాజ్యం ఇచ్చిన న్యాయం అది. సులోచన దాని ముందు నుంచి పోతూ బోర్డు వైపు ఉమ్మేసిందని జగిత్యాలలో చెప్పుకుంటారు. నేనడిగితే కాదనలేదు.

ఇప్పుడు ఆమె సిరిసిల్లలోనే ఉంటుంది. మొగిలవ్వ పోయింది. మూడు పల్లెలవాళ్లు వీసా కాగితాలు, ఒప్పందాలు పట్టుకుని ఆమె ఇంటికి వస్తారు. ఇంగ్లీషు నేర్చుకుంది. ప్రతి కాగితాన్నీ తెలుగులో, వాళ్ల భాషలో, గట్టిగా చదివి వినిపిస్తుంది. ఫోన్లలో రికార్డు చేసుకుని వాళ్లు గ్రూపుల్లో పంపుకుంటారు. ఏ ఛానలూ ఆమెను పిలవదు. ఏ ఛానలుకూ ఆమె పోదు.

పోయిన ఎండాకాలం మల్లన్న వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. ఆమెకు వెంటనే అర్థమైంది.

"మల్ల పోతవా మల్లన్నా? గంత చూసినంక?"

"పోత అక్కా. చెట్టెక్కేటందుకు రెండు వేళ్లు లేవు. కూలికి పిలుస్తలేరు. బిడ్డ సరిత నర్సింగు చదువుత అంటున్నది. కువైట్ల వాచ్‌మన్ పని."

"కిష్టవ్వ ఏమన్నది?"

"తిట్టింది. తిట్టి, సులోచనక్కకు చూపెట్టకుండ పోతే కాళ్లు ఇరగ్గొడుత అన్నది."

సులోచనకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ఈదులను ఎండనిచ్చిన వానల మీదనా, చేతి వేళ్లకు నష్టపరిహారం ఇవ్వని కంపెనీ మీదనా, ముత్యాన్ని వదిలిపెట్టిన కోర్టు మీదనా, అన్నీ చూసి కూడా మళ్లీ పోతానంటున్న ఈ మనిషి మీదనా? పోవద్దని చెప్పడానికి నోరు తెరిచింది. పోకుంటే ఏం చేయమంటావని అతను అడిగితే ఏం చెప్పాలో తెలియక మూసుకుంది.

కళ్లద్దాలు పెట్టుకుంది. కాగితాలు చాప మీద పరిచింది. మొదటి పేజీ చదివింది, రెండోది చదివింది. జీతం, గది, పని గంటలు, ఒక్కొక్కటీ చెప్పి, అర్థమైందా అని అడిగి, అర్థమైందన్నాకే ముందుకు పోయింది. మూడో పేజీ మధ్యలో వేలు ఆపింది.

"గిది చూడు. పాస్‌పోర్టు కంపెనీ కాడ ఉంటదట."

"అందరియ్యి గట్లనే ఉంటయక్కా."

"అందరియ్యి ఉండనీ. నీది ఉండొద్దు. గీ మాట కొట్టేసి ఇయ్యమను. కొట్టేస్తనే సంతకం. లేకుంటే నువ్వు పోవు, నేను పోనియ్య. ఇన్నవా?"

మల్లన్న తల ఊపాడు. తల ఊపడం ఆమెకు సరిపోలేదు.

"నోటితోని చెప్పు."

"ఇన్న అక్కా. కొట్టేస్తనే పెడుత."

సులోచన ఆ వరుస కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, నాలుగో పేజీ తిప్పింది.